పక్కవాడి పొలం మన వ్యాయామశాల కాదు

కొద్ది మాసాల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం మా బంధువుల కుర్రవాడు ఎడమ చేతిని కుడి చేత్తో పొదివి పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. వయస్సు 28 సంవత్సరాలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భుజం వాలి ఉన్న తీరు చూడగానే విషయం అర్థమైంది. ఎక్స్‌రే తీయిస్తే అనుకొన్నట్లే జత్రుక, అనగా మెడ క్రింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక, మధ్య భాగంలో విరిగింది. వికారాబాదు వైపు కొండల దిగువన ఒక ప్రత్తి చేను గట్టు మీదుగా మౌంటెన్ బైకు తొక్కుతూ, దారికి అడ్డంగా వేసి ఉన్న తుమ్మ కంపను చివరి క్షణంలో చూసి, ముందు బ్రేకు గట్టిగా నొక్కి, హ్యాండిల్ మీదుగా ఎగిరి భుజం మీద పడ్డాడట. జత్రుక విరిగే పద్ధతి సాధారణంగా అదే.

అతనికి ఎముక నొప్పి కంటె ఆ కంప మీద కోపమే ఎక్కువగా ఉంది. "పోయిన వారం అది లేదు తాతయ్యా! ఎవరో కావాలనే వేశారు. కేసు పెట్టాలి" అన్నాడు. ఆ చేను ఎవరిదని అడిగాను. తెలియదన్నాడు. ఎంత కాలంగా వెళుతున్నారని అడిగాను. రెండేళ్ల నుంచి అన్నాడు. ఎంతమంది? పది పన్నెండు మంది. రెండేళ్లపాటు, ప్రతి ఆదివారం, పది పన్నెండు మంది చదువుకొన్నవారు ఒక మనిషి పొలంలోనుండి రాకపోకలు సాగించి, ఆ మనిషి పేరైనా తెలుసుకోలేదు. అతని మీద కేసు పెట్టడానికి మాత్రం సిద్ధపడ్డారు. ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పినది ఆ ఒక్క మాటే.

నేను సైకిలుకు విరోధిని కాను

ముందుగా ఒక అపోహ తొలగించాలి. వ్యాయామం చేయండి, సైకిలు తొక్కండి అని నా ఉద్యోగ కాలమంతా రోగులకు చెప్పినవాడిని నేను. పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహంతో జీవిస్తున్నారని భారత వైద్య పరిశోధనా మండలి సహకారంతో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది. మధుమేహానికి ముందు దశలో ఉన్నవారు అంతకంటె ఎక్కువ. ఇటువంటి దేశంలో ఒక యువకుడు ఆదివారం ఉదయం పడక విడిచి సైకిలెక్కితే ఏ వైద్యుడైనా సంతోషిస్తాడు. శరీరపు బరువును సైకిలు మోస్తుంది కనుక మోకాళ్ల మీద భారం తక్కువ. గుండెకు, ఊపిరితిత్తులకు, తొడ కండరాలకు మంచి పని కలుగుతుంది. రక్తపుపోటు, రక్తంలో చక్కెర అదుపులోకి రావడానికి అది తోడ్పడుతుంది.

అయితే నా ఆరోగ్యం కోసం అన్న మాట ఏ పనికైనా అనుమతి పత్రం కాదు. నా ఆరోగ్యం కోసం ఎదుటివాని పెరటిలోని పండు కోసుకొని తినను. అలాగే నా వ్యాయామం కోసం అతని పంటలోకి చక్రం దింపే హక్కు నాకు లేదు. ఇంత చిన్న విషయం చదువుకొన్నవారికి చెప్పవలసి రావడమే విచారకరం.

"చక్రం గుర్తు పడితే ఏం పోతుంది?"

ఇది నేను తరచుగా విన్న మొదటి వాదన. దీనిని చెప్పేవారు పొలాన్ని ఖాళీ స్థలంగా చూస్తారు. పొలం ఖాళీ స్థలం కాదు. ఎండలో తెరిచి ఉంచిన కార్ఖానా అది.

పొలం గట్టు నడవడానికి కట్టినది కాదు, నీటిని నిలపడానికి కట్టినది. తడిసిన గట్టు మీద నలుగురు నడిస్తే మట్టి అణుగుతుంది. పది సైకిళ్లు ఒకే గీతలో వెళితే చాలు పడుతుంది. తరువాత వచ్చే వాన నీరు ఆ చాలునే దారిగా చేసుకొంటుంది. రెండు వానలకు అది గండి. గండి పడితే నీటితోపాటు రైతు వేసిన ఎరువు, పై పొర మట్టి క్రింది మడిలోకి పోతాయి. నల్లరేగడి నేలలో తడి మీద పడిన చక్రపు గాడి ఎండిన తరువాత గట్టిపడి, దుక్కి దున్నేదాకా అలాగే ఉంటుంది. చాళ్ల వెంబడి పరిచిన బిందుసేద్యపు గొట్టం 16 మిల్లీమీటర్ల పలుచని ప్లాస్టిక్కు. బొడిపెలున్న టైరు దానిని నొక్కి పగులగొడితే, ఆ చాలు చివరి మొక్కలకు నీరు అందదు. అది రైతుకు తెలిసేసరికి మొక్కలు వాడిపోతాయి. కాయ పట్టిన ప్రత్తి కొమ్మ, పూత మీద ఉన్న కంది కొమ్మ హ్యాండిల్ తగిలితే నిలవవు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. వయ్యారిభామ మొక్క గింజలు బురదతోపాటు చక్రాలకు అంటుకొని ఒక ఊరి నుండి మరొక ఊరికి పోతాయి. ఆ మొక్క పంటను మాత్రమే పాడు చేయదు. రైతుల, కూలీల చర్మానికి తీవ్రమైన దురద, పొక్కులు, కొందరికి ఉబ్బసం కలుగజేస్తుంది. కొండ వాగు దగ్గర అంటిన బురదను కడగకుండా చేనులో దిగిన సైకిలు ఆ ఊరివారికి కొత్త చర్మవ్యాధిని మోసుకొని వచ్చే అవకాశముంది.

"స్కాట్లాండులో ఎక్కడైనా తొక్కవచ్చునట!"

రెండవ వాదన విదేశాలది. స్కాట్లాండులో భూమి ఎవరిదైనా అందరూ తిరగవచ్చునని, మనమే వెనుకబడి ఉన్నామని అంటారు. సగం చదివి చెప్పే మాట ఇది. స్కాట్లాండు 2003లో భూ సంస్కరణల చట్టం చేసిన మాట నిజం. నడిచేవారికి, గుర్రపు స్వారీ చేసేవారికి, సైకిలు తొక్కేవారికి ప్రైవేటు భూముల మీదుగా వెళ్లే హక్కును ఆ చట్టం ఇచ్చింది. కాని అదే చట్టం ఆ హక్కును బాధ్యతతో ముడిపెట్టింది. విత్తిన లేదా పంట పెరుగుతున్న నేలకు ఆ హక్కు వర్తించదు. పంట లేని అంచుల వెంబడి మాత్రమే వెళ్లాలి. ఇంటి ఆవరణలోకి పోరాదు. మోటారు వాహనాలకు చోటు లేదు. తీసిన గేటు తీసినట్లు, మూసిన గేటు మూసినట్లు వదిలి వెళ్లాలని వారి ప్రవర్తనా నియమావళి చెబుతుంది. ఆ చట్టాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చినా, మా కుర్రవాడు ప్రత్తి చేనులో చేసిన పని తప్పే అవుతుంది.

ఇంగ్లండు పద్ధతి ఇంకా కట్టుదిట్టమైనది. అక్కడ కాలిబాటలు వేరు, గుర్రపు బాటలు వేరు. 1968 నాటి చట్టం సైకిళ్లను గుర్రపు బాటల మీదకు అనుమతించింది. అదీ నడిచేవారికి, గుర్రాలకు దారి ఇవ్వాలన్న షరతుతో. కాలిబాట మీద సైకిలు తొక్కే హక్కు సాధారణంగా లేదు. మొత్తం బాటలలో సుమారు అయిదవ వంతు మాత్రమే సైకిలిస్టులకు అందుబాటులో ఉన్నాయి. అయితే రైతుకు కూడా అక్కడ బాధ్యత ఉంది. పొలం మధ్యగా పోయే కాలిబాటను దున్నితే 14 రోజులలోగా దానిని తిరిగి నడవడానికి వీలుగా చేయాలి. ఉభయులకూ నియమం, ఉభయులకూ రక్షణ. మన యువకులు ఆ దేశాల నుండి హక్కును మాత్రమే దిగుమతి చేసుకొని నియమాన్ని ఓడలోనే వదిలేశారు.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో కింగ్‌డమ్ ట్రెయిల్స్ అనే ప్రసిద్ధమైన సైకిలు బాటల సముదాయం ఉంది. ఆ బాటలు ఎక్కువగా ప్రైవేటు భూముల మీదివే. సుమారు వంద మంది భూయజమానులు ఉచితంగా ఇచ్చిన అనుమతి మీద అది నడుస్తున్నది. ఏటా లక్షకు పైగా రాకపోకలు పెరిగిన తరువాత, 2019 డిసెంబరులో ముగ్గురు యజమానులు తమ భూములలోకి సైకిళ్లు రావద్దన్నారు. అంతే, పేరుపొందిన బాటలు కొన్ని మూతపడ్డాయి. ఎవరూ కోర్టుకు పోయి తెరిపించలేకపోయారు, ఎందుకంటే అవి యజమాని మంచితనం మీద నిలిచిన దారులు. మంచితనం మీద నిలిచిన దారిని మర్యాదే కాపాడాలి.

ఆ రైతు చెప్పిన మాట

కుర్రవాని చెయ్యి ఇంకా గుడ్డ ఊయలలో ఉండగానే, అతడిని వెంటబెట్టుకొని ఆ ఊరికి వెళ్లాను. రెండు గంటలు తిరిగితే ఆ రైతు దొరికాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి. విరిగిన చెయ్యి చూసి ముందు బాధపడ్డాడు. కుర్చీ వేయించి మంచినీళ్లు ఇప్పించాడు. తరువాత చెప్పాడు: "డాక్టర్ సాబ్, మా ఊరోళ్లు మా తాత కాలం సంది ఈ ఒడ్డు మీదికెల్లి నడుస్తున్రు. నేను ఎన్నడూ ఆపలే. ఈ సైకిళ్లు మొదలైనంక పైపులు రెండు సార్లు పలిగినయి, ఒడ్డు తెగింది. ఎవరికి చెప్పాలె? ఆదివారం వస్తరు, ఆగకుంట పోతరు. కంప ఏసిన. ఇప్పుడు కూలికి పోయే ఆడోళ్లు, బడికి పోయే పోరగాళ్లు గూడ సుట్టు తిరిగి పోవట్టిరి. నాకు గూడ మంచిగనిపిస్తలేదు."

ఈ నాలుగు మాటలలో అసలు నష్టం అంతా ఉంది. మన సైకిలు వలన దారి పోయినది మనకు కాదు. మనకు కారు ఉంది, సైకిలును దాని వెనుక కట్టుకొని మరొక ఊరికి పోతాం. దారి పోయినది నెత్తిన సద్ది మూట పెట్టుకొని నడిచే కూలీకి, భుజాన పుస్తకాల సంచి మోసే పిల్లకు. రాత్రిపూట చేనులో ఎవరినైనా పాము కరిస్తే, మంచం మీద మోసుకొని రోడ్డు మీది 108 వాహనం దగ్గరకు చేర్చే దారి కూడా అదే. చుట్టూ తిరిగి పోయే అరగంటలో ఒక ప్రాణం పోవచ్చు. తరతరాలుగా మాట లేకుండా సాగిన ఒక ఇచ్చిపుచ్చుకోలును రెండేళ్ల ఆదివారాలు చెరిపివేశాయి.

చేనులో పొంచి ఉన్న అపాయాలు

ఇక వైద్యుడిగా చెప్పవలసినది. తెలియని పొలంలోకి చెప్పకుండా వెళ్లేవానికి ఆ రోజు అక్కడ ఏమి జరిగిందో తెలియదు. అదే అన్నిటికంటె పెద్ద అపాయం.

నిన్న సాయంత్రం పురుగుమందు చల్లి ఉండవచ్చు. ఆర్గానోఫాస్ఫేటు మందులు చర్మం ద్వారా కూడా శరీరంలోకి పోతాయి. చెమటతో తడిసిన చర్మం, గీరుకొన్న కాళ్లు వాటికి ఇంకా తేలిక దారి. నోట చొంగ కారడం, విపరీతమైన చెమట, కంటిపాపలు చిన్నవి కావడం, ఛాతీ బిగుసుకోవడం, కండరాలు అదరడం వాటి లక్షణాలు. వెంటనే బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్లంతా కడిగి, ఆసుపత్రికి చేర్చాలి. మందు చల్లిన సంగతి ఆ రైతును ఒక్క మాట అడిగితే తెలిసిపోయేది.

పాములు రెండవ అపాయం. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాము కాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలు సంభవించిన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం కూడా ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు పాముల విషానికీ పనిచేసే విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇస్తారు. కాటు పడితే కోయవద్దు, పీల్చవద్దు, తాడు బిగించవద్దు. కాలు కదపకుండా బద్దతో కట్టి, ఆ మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

ధనుర్వాతం మూడవది. పశువుల పేడ కలిసిన పొలం మట్టిలో ధనుర్వాత క్రిముల బీజాలు ఉంటాయి. మట్టి చేరిన గాయమైతే, అయిదు సంవత్సరాలలోపు టీకా తీసుకోనివారు మళ్లీ తీసుకోవాలి. హ్యాండిల్ పొట్టలో గుద్దుకొన్న దెబ్బను చిన్నగా చూడరాదు. పైన గీత కూడా పడకుండా లోపల ప్లీహం, కాలేయం చీలి రక్తం కారవచ్చు. తలకు దెబ్బ తగిలి కాసేపు బాగానే ఉన్న మనిషి, కొన్ని గంటల తరువాత మగతలోకి జారిపోవచ్చు. వాంతులు, పెరిగే తలనొప్పి, మగత కనిపిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయవద్దు. మీరు ఎక్కడ ఉన్నారో ఎవరికీ చెప్పకుండా, పేరు తెలియని సర్వే నంబరులో పడి ఉంటే, ఆ ఆలస్యాన్ని ఏ వైద్యుడూ పూడ్చలేడు.

రైతు సోదరులకూ ఒక మాట

ఇంతవరకు రైతు పక్షాన వ్రాశాను కనుక, ఆ పక్షంలోని తప్పు కూడా చెప్పడం నా ధర్మం. అడవి పందుల కోసమని కరెంటు తీగ చుట్టడం మన రెండు రాష్ట్రాలలోనూ ఎందరి ప్రాణాలనో బలిగొన్నది. పంది చచ్చిందో లేదో గాని, తెల్లవారి తన చేనుకే నీళ్లు పెట్టబోయిన రైతు చచ్చిపోయిన సంఘటనలు మీకూ తెలుసు. అది విద్యుత్తు చౌర్యం, మనిషి చస్తే జైలుకు పంపే నేరం. అదే విధంగా దారికి అడ్డంగా మెడ ఎత్తున సన్నని తీగ కట్టడం. వేగంగా వచ్చే సైకిలిస్టుకు అది కంటికి కనబడదు. గొంతు మీద తగిలితే శ్వాసనాళం నలిగిపోతుంది. పంట నష్టానికి ప్రాణం పరిహారం కాదు. దారి మూయదలచుకొంటే దూరం నుండి కనబడేలా మూయండి, ఒక బోర్డు పెట్టండి. తుమ్మ కంపను మలుపులో వేయకండి. ఆ రైతుకు ఈ మాట చెప్పినప్పుడు అతడు కాదనలేదు. ఆ సాయంత్రమే కంపను మలుపు నుండి జరిపించి, దానికి ఒక ఎర్ర గుడ్డ కట్టించాడు.

రైతులకు మరొక భయం ఉంది. ఈరోజు పోనిస్తే రేపు హక్కు అంటారేమోనని. ఈ భయానికి చట్టంలో సమాధానం ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షను, 1963 నాటి లిమిటేషన్ చట్టం 25వ సెక్షను ఒకే సూత్రం చెబుతాయి. ఇరవై సంవత్సరాలు బహిరంగంగా, శాంతియుతంగా, ఎడతెగకుండా, తన హక్కుగా దారిని వాడుకొంటేనే అది హక్కుగా స్థిరపడుతుంది. యజమాని అనుమతితో నడిచిన దారి హక్కుగా మారదు. కనుక అనుమతి ఇవ్వడం వలన భూమి పోదు. అనుమతి కాగితం మీద ఉంటే భూమికి ఇంకా రక్షణ. అడిగి తొక్కడం సైకిలిస్టుకు మర్యాద మాత్రమే, రైతుకు మాత్రం అది సాక్ష్యం. వెర్మాంట్ రాష్ట్రంలో డబ్బు తీసుకోకుండా దారి ఇచ్చిన యజమానిని, అక్కడ ఎవరైనా పడి దెబ్బలు తగిలించుకొంటే, నష్టపరిహారం దావాల నుండి చాలా వరకు కాపాడే చట్టం ఉంది. అటువంటి రక్షణ మన రైతుకు కూడా కల్పించాలని మన శాసనసభ్యులను అడగాలి.

అసలు దారి ఎక్కడికి పోయింది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. బయలుదేరే ముందు ఆ రైతు మమ్మల్ని ఊరి చివరకు తీసుకొని వెళ్లి ఒక చోటు చూపించాడు. పూర్వం ఎడ్ల బండ్లు కొండ దాకా వెళ్లిన బండ్ల బాట అది. గ్రామ నక్షాలో ఉన్నదట. రెండు బండ్లు ఎదురుగా వస్తే తప్పుకొనేంత వెడల్పు. ఆ బాట మధ్యలో ఇప్పుడు ఒక ప్లాట్ల వెంచరు ప్రహరీ గోడ నిలబడి ఉంది. రైతులు రెండుసార్లు దరఖాస్తు ఇచ్చారు, సమాధానం లేదు. ఆ బాట తెరిచి ఉంటే కూలీలు చేను గట్టు ఎక్కనవసరం లేదు, మా కుర్రవాడు కూడా ఎక్కనవసరం లేదు. రైతుకు, సైకిలిస్టుకు మధ్య ఉన్న ఈ తగవును పుట్టించినది ఆ గోడ. దానికి ఎవరూ కంప వేయలేదు, దాని మీద ఎవరూ కేసు పెడతామనలేదు.

కోస్తాలో డొంక, గోదావరి జిల్లాలలో పుంత, తెలంగాణలో బండ్ల బాట, పేరు ఏదైనా ఇవి ఊరి ఉమ్మడి ఆస్తి. ప్రభుత్వ దారులు, సందులు, బాటలు ప్రభుత్వ ఆస్తి అని 1905 నాటి భూ ఆక్రమణల చట్టం స్పష్టంగా చెబుతుంది. ఆక్రమిస్తే తొలగించే అధికారం అధికారులకు ఉంది. లేనిది ఆ అధికారాన్ని వాడే మనస్సు. ఒకవైపు పొరుగు రైతు ఏటా ఒక చాలు కలుపుకొంటాడు, మరొకవైపు వెంచరు వారు ఏకంగా గోడే కడతారు. ట్రాక్టరు వచ్చిన తరువాత బండి పోయింది, బండి పోయిన తరువాత బాటను అడిగేవారు లేకపోయారు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. సర్వే బృందం ఊరికి వచ్చినప్పుడు తన పొలం హద్దు కోసం ప్రతివాడూ రాయి దగ్గర నిలబడతాడు. డొంక హద్దు కోసం ఎవరు నిలబడుతున్నారు?

హైదరాబాదులో బాహ్య వలయ రహదారి వెంబడి సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైంది. మంచి పనే. దానికి నేల, సిమెంటు, ఉక్కు, విద్యుత్తు అన్నీ సమకూర్చవలసి వచ్చింది. మన పల్లెల డొంకలకు అవేవీ అక్కరలేదు. నేల ప్రభుత్వానిదే, దారి నక్షాలో గీసి ఉన్నదే. ఆక్రమణ తొలగించి, రెండు వైపులా నీరు పోయే కాలువ తీసి, కాస్త మొరం పోస్తే చాలు. రైతు ట్రాక్టరు, కూలీ నడక, పిల్లల బడి దారి, పట్టణవాసి సైకిలు అన్నిటికీ ఒకే బాట. ఊరి పెద్దవారికి ఉదయపు నడకకు చోటు దొరుకుతుంది. మధుమేహం ఇప్పుడు పట్టణపు జబ్బు మాత్రమే కాదు. పల్లెలో నడవడానికి లారీలు తిరిగే తారు రోడ్డు తప్ప మరొక చోటు లేదని నాకు చెప్పిన రోగులు ఎందరో ఉన్నారు.

చేయవలసినవి

సైకిలు తొక్కే యువతీయువకులకు నా సూచనలు ఇవి.

1. మీరు వెళ్లే దారి ఎవరిదో ముందు తెలుసుకొనండి. గ్రామ నక్షా ప్రతిని సర్వే, భూ రికార్డుల శాఖ నుండి పొందవచ్చు. లభించకపోతే సమాచార హక్కు చట్టం క్రింద అడగండి.

2. ప్రైవేటు పొలమైతే యజమానిని స్వయంగా కలిసి అడగండి. కౌలుదారు ఉంటే అతడినీ అడగండి, పంట అతనిదే. ఏ నెలలలో, ఏ గట్టు మీదుగా, ఎంతమంది అన్నది ఒక కాగితం మీద వ్రాసుకొనండి. కాదంటే నమస్కారం చేసి వెనుకకు రండి. కాదనడం అతని హక్కు.

3. వాన పడిన తరువాత నేల ఆరేదాకా పొలం దారులలోకి పోవద్దు. పశువులు, మనుషులు ఎదురైతే సైకిలు దిగి నడవండి. సైకిలు చక్రాలను బయలుదేరే ముందు, వచ్చిన తరువాత కడగండి.

4. గొట్టం పగిలితే, గట్టు తెగితే పారిపోకండి. రైతుకు చెప్పి, ఖర్చు ఇవ్వండి.

5. శిరస్త్రాణం లేకుండా తొక్కవద్దు. ఒంటరిగా పోవద్దు. ధనుర్వాతపు టీకా తేదీని గుర్తు పెట్టుకొనండి. వెళ్లే ఊరి పేరు, తిరిగి వచ్చే వేళ ఇంట్లో చెప్పండి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి ఎక్కడ ఉన్నదో తెలుసుకొని బయలుదేరండి.

6. ఇది అన్నిటికంటె ముఖ్యం. మీరు తిరిగే ఊరిలో మూసుకొనిపోయిన డొంక, పుంత, బండ్ల బాట ఉంటే, దానిని తెరిపించమనే దరఖాస్తు మీద ఊరివారితో కలిసి సంతకం చేయండి. పల్లెవారికి లేనివి మీకు కొన్ని ఉన్నాయి. దరఖాస్తు వ్రాయడం తెలుసు, ఆఫీసుకు మళ్లీ మళ్లీ ఫోను చేసే తీరిక ఉంది, అధికారులతో భయం లేకుండా మాట్లాడే అలవాటు ఉంది. రెండేళ్లు ఒక ఊరి నేల మీద తిరిగినవారు ఆ ఊరికి ఇవ్వవలసిన బాకీ అది.

మా కుర్రవాని ఎముక ఎనిమిది వారాలకు అతుక్కొన్నది. రైతు తన గట్టు మీదకు సైకిళ్లను మళ్లీ రానివ్వలేదు. పంట ఉన్నంతకాలం వద్దన్నాడు, అది న్యాయమే. నడిచేవారి కోసం కంప మాత్రం తీసివేశాడు. పగిలిన గొట్టాల డబ్బును పిల్లలందరూ కలిసి తెచ్చి ఇచ్చారు. అతడు మొదట వద్దని, తరువాత తీసుకొన్నాడు. బండ్ల బాట గూర్చిన మూడవ దరఖాస్తు మీద ఇప్పుడు ఊరివారి సంతకాలతోపాటు ఈ పన్నెండు మంది సంతకాలు కూడా ఉన్నాయి. నక్షా ప్రతి జత చేశారు. గోడ ఇంకా అక్కడే ఉంది. అది కూలే వరకు ప్రతి నెలా తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి అడుగుతామని వారు నాకు మాట ఇచ్చారు. మీ ఊరిలో కూడా అటువంటి గోడ ఏదైనా ఉన్నదేమో చూడండి. ఉంటే, వచ్చే ఆదివారం సైకిలెక్కే ముందు ఆ దరఖాస్తు వ్రాయండి.